తొండం తిరిగిన ఆకు

రాస్తున్నావా? నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు. ఈ సంగతి మీ అమ్మని అడిగితే వేరేలా చెబుతుంది. తను చెప్పేదాంట్లో నేను ఒట్టి అమాయకురాలిని. నేను అమాయకురాలినేమీ కాదు. తెలియదు అనే మాట నా నోటికి రాదు, అంతే. ఆ రోగంతోనే ఒకసారి మా వదినగారిని దాదాపు చంపేశాను.

వదినగారంటే సొంత వదిన కాదు. మా కిందింటావిడ. ఆవిడ నన్ను వదినగారూ అనేది, నేను ఆవిడని వదినగారూ అనేదాన్ని. వాళ్ళాయన నాకు అన్నయ్యగారు. తొంభైల చివరి సంవత్సరాలు అవి. మీ తాతయ్యకి సెక్రటేరియట్‌కి బదిలీ అయితే కొండాపూర్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో దిగాం. ఇప్పుడు నువ్వు కాఫీ తాగడానికి వెళ్ళే వీధంతా అప్పుడు రాళ్ళగుట్టలు. అద్దాల ఆఫీసుల కోసం పొద్దున్న పదింటికి బండలు పేల్చేవాళ్ళు. ఢామ్మంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. పేలుడు వినగానే మీ తాతయ్య వాచీ సరిచేసుకునేవాడు.

మా బిల్డింగు వెనక అయిదు నిమిషాలు నడిస్తే ఒక పాత చెరువు. చెరువు కట్ట కింద ఎప్పుడూ ఆరని ఊట నేల. కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోయేది. అక్కడ పెరిగే పొన్నగంటి కూర, గంగవాయిలి కూర కోసి ఆ పక్క ఊరి ఆకుకూరలావిడ ఒకామె బుట్టలో పెట్టుకుని మా మెట్ల మీదికి తెచ్చేది. ఆమెతో రోజూ నాకు వాదనే. నాది గోదావరి పక్క పల్లెటూరు కదా, ఆకుల సంగతి నాకు చెప్పేవాళ్ళు లేరనుకునేదాన్ని.

"ఏమ్మా, మా గోదావరి వైపు పొన్నగంటి ఆకు ఇంత చిన్నదిగా ఉండదు," అనేదాన్ని.

"మీ గోదారిని జర పక్కకు వెట్టమ్మా. రెండు కట్టలు తీస్కుంటవా, మూడా?" అనేది ఆమె.

బిల్డింగులో ఉన్నవాళ్ళలో సగం మంది మా కోస్తా వాళ్ళే. పట్నాల్లో పుట్టి పెరిగిన ఆడపిల్లలు చాలామంది. కాస్త జలుబు చేసినా, పూజకి ఏ ఆకు కావాలన్నా నా తలుపే కొట్టేవాళ్ళు. అలా అడిగించుకోవడం నాకు మహా ఇష్టంగా ఉండేది. అదే నా కొంప ముంచింది.

ఆ ఏడు వినాయకచవితి ముందురోజు. ఇప్పట్లా గేటు బయట పత్రి అమ్మేవాళ్ళు లేరు. కావాలంటే కూకట్‌పల్లి దాకా వెళ్ళాలి. "ఎందుకండీ, నాతో రండి, ఇరవై ఒక్క పత్రీ నేను చూపిస్తాను," అని నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని చెరువు కట్టకి బయల్దేరాను. వదినగారు మాత్రం రాలేదు. ఆవిడకి నెల నుంచీ దగ్గు, వానలో తిరగకూడదు. "నా వాటా కూడా మీరే తెండి వదినగారూ, మీరు తెస్తే నేను చూసుకోనక్కర్లేదు," అంది.

వ్రతం పుస్తకం ఒకమ్మాయి చేతిలో. తను పేరు చదవడం, నేను ఆకు కోసివ్వడం. గరిక, ఉత్తరేణి, రేగు, జిల్లేడు, ఉమ్మెత్త, వావిలి గబగబా దొరికాయి. దేవదారు దగ్గర కొంచెం ఆగాను కానీ, మా బిల్డింగు గేటు పక్కన నిటారుగా పెరిగిన చెట్టే దేవదారు అని తీర్మానం చేసేశాను. ఎవరూ కాదనలేదు. అలా ఇరవై అయ్యాయి.

"గండకీ పత్రం అట ఆంటీ. అదేమిటి?"

అదేమిటో నాకు తెలియదు. మా అమ్మకి తెలియదు. మా ఊళ్ళో పూజ చేయించే ఆయనకీ తెలియదు, ఆ పేరు రాగానే గొంతు తగ్గించి తర్వాతి పేరుకి వెళ్ళిపోయేవాడు. కానీ నలుగురూ నా మొహం వైపు చూస్తున్నారు. నేను చుట్టూ చూశాను. అప్పుడు కనబడింది ఆ పువ్వు.

ఊటలో తుంగ పక్కన ఒక ముళ్ళపొద. దాని మీదికి పాకిన తీగ. తీగకి పూలు, పూలు కావు, మంటలు. ఆరు రేకులు, ఆరూ వెనక్కి విరుచుకుని పైకి లేచి ఉన్నాయి. అంచులు వంకీలు తిరిగి, మొదట్లో పసుపు, కొసకి వచ్చేసరికి ఎరుపు. పొయ్యిలో చితుకులు అంటుకున్నప్పుడు మంట ఎలా ఉంటుందో అచ్చం అలా. చుట్టుపక్కల ఎక్కడా ఇంకొకటి లేదు, ఆ ఒక్క పొదే. నేను అన్నాళ్ళ నుంచి అటు తిరుగుతున్నా ఎన్నడూ చూడలేదు. వాసన లేదు. ఆకు పట్టుకు చూద్దును కదా, పొడుగ్గా సన్నగా వచ్చి, కొస తీగలా సాగి గుండ్రంగా చుట్టుకుని ఉంది. ఆ కొసతోనే అది ముళ్ళకొమ్మని పట్టుకుని పైకి ఎక్కుతోంది.

"ఇదిగో, చూడండి," అన్నాను. "కొస చూశారా? తొండం!"

అంతే. ఒకావిడ చెంపలు వేసుకుంది. "స్వామి తన తొండం ఆకుకే పెట్టేశాడు చూడండి," అంది. ఆ మాట అనడం నాకెందుకు తట్టలేదా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేనూ నమ్మేశాను. దాన్ని నలుగురికీ పంచాను, వదినగారికి పెద్ద కొమ్మ కట్టాను. పూలు రెండు నా సంచిలో వేసుకున్నాను.

పండగ బాగా జరిగింది. గండకీ పత్రం సమర్పయామి అన్నప్పుడు మా ఇంటితో కలిపి బిల్డింగులో ఆరిళ్ళలో ఆ తొండం ఆకు స్వామి మీద పడింది.

మర్నాడు ఉద్వాసన చెప్పాక సాయంత్రం అన్నయ్యగారు ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఇరిగేషన్ శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కాలవలు లేవు కదా, గృహవైద్యం మొదలుపెట్టారు. వారపత్రికల్లో చిట్కాలు కత్తిరించి ఫైలు కట్టేవారు. బిల్డింగులో ఎవరు తుమ్మినా స్టీలు గ్లాసుతో కషాయం పట్టుకుని మెట్లెక్కి వచ్చేసేవారు.

"చెల్లెమ్మా, పూజ చేసిన పత్రి పారేయకమ్మా. ఇరవై ఒక్క ఆకులు పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు, అన్నీ ఔషధాలే. మరిగించి మీ వదినకి దగ్గుకి ఇద్దామనుకుంటున్నా."

"అందులో ఉమ్మెత్త, గన్నేరు ఉంటాయి కదండీ?"

"నేనంత తెలియనివాణ్ణా! జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు తీసేస్తాను. మిగతావన్నీ అమృతమే. ఆ గండకీ మాత్రం ఇంకొంచెం ఉంటే వెయ్యమ్మా. అది దొరకదట."

నేను ఏరి మరీ ఇచ్చాను. గుప్పెడు. ఇది రాసుకో. ఎవరైనా అడిగితే ఆ ఆకు ఆయన తీసుకున్నారని చెప్పకూడదు, నేను ఇచ్చానని చెప్పాలి.

ఆ మర్నాడు పొద్దున్న ఆకుకూరలావిడ బుట్ట దించుకుని మా గుమ్మంలో కూర్చుంది. లోపల కిటికీలో గాజుగ్లాసులో నేను పెట్టుకున్న పువ్వులు ఉన్నాయి. అప్పటికి పసుపంతా పోయి మొత్తం ఎర్రబడ్డాయి. ఆమె చూపు వాటి మీద పడింది.

"గా పువ్వెక్కడిదమ్మా?"

"మీ చెరువు కట్ట కిందదే. గండకీ."

"గండకీ లేదు, గిండకీ లేదు. గది నాభి. అడివినాభి. నువ్వు ముట్టినవా? చేతులు కడుక్కున్నవా?"

"నాభి ఏమిటి?"

"ఇసం అమ్మా! గడ్డ తింటే మనిషి బతకడు. ఆకు గూడ మంచిది గాదు. మా మేకలు గట్టంతా మేస్తయి గని దాని దిక్కు మూతి పెట్టయి. ఆవులు గూడ పెట్టయి. గసొంటిది నువ్వు ఇంట్ల తెచ్చి నీళ్ళల్ల పెట్టినవా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందమ్మా? ఎవలన్న తిన్నరా?"

నేను చెప్పులు కూడా వేసుకోలేదు. ఒక అంతస్తు మెట్లు ఎలా దిగానో తెలియదు. వదినగారి తలుపు తీసే ఉంది. ఆవిడ సోఫాలో కూర్చుని స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొహం వికారంగా పెట్టుకుని ఉంది. వంటింట్లోంచి పచ్చి చేదు వాసన.

"తాగకండి వదినగారూ!"

"ఏమైందండీ?"

ఇక్కడే, అమ్మలూ, నేను చేసిన రెండో పాపం. నిజం చెప్పాలంటే నాకు తెలియదని చెప్పాలి. పండగ రోజు నలుగురి ముందు చెప్పిందంతా ఉత్తిదని చెప్పాలి. నా నోరు దానికి తిరగలేదు.

"బల్లి," అన్నాను. "గిన్నెలో బల్లి పడింది."

అన్నయ్యగారు గరిటెతో బయటికి వచ్చారు. "బల్లా? నువ్వు ఇప్పుడేగా తల్లీ వచ్చావు? ఎప్పుడు చూశావు?"

"కిటికీలోంచి."

"మీ కిటికీ మా పైన కదమ్మా!" అని లోపలికి వెళ్ళి గిన్నెలో గరిటె పెట్టి దేవి, వెలుతురులో పట్టి చూసి, మళ్ళీ దేవి, "బల్లి లేదే," అన్నారు.

"కరిగిపోయి ఉంటుంది."

"చెల్లెమ్మా, బల్లి కరగదు."

వదినగారు పకపకా నవ్వింది. "పోనీలెండి వదినగారూ, మీరొద్దన్నా ఆయన వదలరు. ఇంకో రెండు గుక్కలే కదా," అని గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

నేను ఆవిడ చేతిలోంచి గ్లాసు లాగేశాను. సగం నా చీర మీద ఒలికింది.

"అది గండకీ కాదు వదినగారూ. అదేమిటో నాకు తెలియదు. కోసినప్పుడూ తెలియదు. ఆకుకూరలావిడ చూసి విషం అంటోంది. ఇప్పటిదాకా ఎంత తాగారు?"

స్టవ్ మీద కషాయం కుతకుతలాడుతోంది. అన్నయ్యగారు గరిటె పట్టుకునే ఉన్నారు, చుక్కలు నేల మీద పడుతున్నాయి.

"గండకీ అని నువ్వే కదమ్మా..."

"నేనే అన్నయ్యగారూ. నేనే."

"రెండు గుక్కలు," అంది వదినగారు మెల్లిగా. "పెద్దవి."

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక క్రిస్టియన్ కుటుంబం ఉండేది. ఆవిడ నర్సు, అందరం సిస్టర్ గారూ అనేవాళ్ళం. డ్యూటీకి బయల్దేరుతూ మెట్ల దగ్గరే దొరికింది. ఆవిడ నన్ను తిట్టలేదు, ఏడవనివ్వలేదు. "ఎన్నింటికి తాగారు? ఎంత? ఇంకెవరికైనా ఇచ్చారా?" అని వరసగా అడిగింది. ఎవరో ఉప్పునీళ్ళు పట్టిద్దాం అంటే, "వద్దండీ, ఏమీ పట్టకండి. నేరుగా హాస్పిటల్. ఆ మొక్క కూడా కావాలి, డాక్టర్లు చూడాలి," అంది.

"నేను తెస్త," అని నా వెనకే దిగొచ్చిన ఆకుకూరలావిడ బుట్ట మా గుమ్మంలోనే వదిలేసి చెరువు వైపు పరుగెత్తింది.

అన్నయ్యగారికి అప్పుడు గుర్తొచ్చింది. పైన నాలుగో అంతస్తులో సాఫ్ట్‌వేర్ అబ్బాయికి కూడా జలుబని పొద్దున్నే ఒక గ్లాసు ఇచ్చారట. గోల విని కిందికి వచ్చిన మీ అమ్మ పరుగెత్తుకెళ్ళి తలుపు బాదింది. ఆ అబ్బాయి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"కషాయం తాగారా?"

"లేదండీ. అంకుల్‌తో చెప్పకండి, ఆయన ఇచ్చినవన్నీ సింకులోనే పోస్తాను."

అన్నయ్యగారికి ఆ సంగతి తర్వాత చాలారోజులు బాధగానే ఉంది. ఆ పూట మాత్రం ఆ అబ్బాయిని కౌగిలించుకున్నంత పని చేశారు.

ఆటోలో వదినగారి పక్కన సిస్టర్ గారు, ఇటు నేను, ముందు డ్రైవరు పక్కన అన్నయ్యగారు. దారి పొడుగునా వదినగారికి ఏమీ కాలేదు. "నాకు బాగానే ఉంది కదండీ, వెనక్కి తిప్పించండి, పప్పు నానబోశాను," అంటూనే ఉంది. సిస్టర్ గారు ఆవిడ మణికట్టు వదల్లేదు. "ఇప్పుడు బాగానే ఉంటుందమ్మా. కొన్ని విషాలు ఆలస్యంగా చెబుతాయి," అంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అన్నీ రాసుకున్నాడు. ఏం మొక్క అంటే చెప్పలేకపోయాం. నేను తొండం అన్నాను. ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. ఇంతలో ఇంకో ఆటో పట్టుకుని ఆకుకూరలావిడ వచ్చింది, మోకాళ్ళ దాకా బురద, చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం. బల్ల మీద విప్పింది. తీగ, ఆకులు, ఒక పువ్వు, కింద గడ్డ. గడ్డ రెండుగా చీలి నాగలిలా వంగి ఉంది.

"దీని పేరేంటమ్మా?" అన్నాడు డాక్టరు.

"నాభి అంటం సారూ. మీ దాంట్ల ఏమంటరో నాకెరుక లేదు. తిన్నోళ్ళకి కక్కుడు, ఏరుగుడు వట్టుకుంటది. ఈయమ్మ గడ్డ తినలే. ఆకుల నీళ్ళు తాగింది. జల్ది చూడుండ్రి."

లోపల్నించి పెద్ద డాక్టరు వచ్చాడు. ఒక్క చూపుతో గుర్తుపట్టాడు. "అగ్నిశిఖ. గడ్డ అయితే మాట్లాడుకోవడానికి ఉండేది కాదు. ఆకు, అందులోనూ రెండు గుక్కలు. అయినా రెండు రోజులు కళ్ళ ముందే ఉండాలి. మూడోరోజు పొద్దున్న చెబుతాను," అన్నాడు.

మూడోరోజు పొద్దున్న. అంటే ఆ మధ్యలో రెండు రోజులూ ఏదైనా కావచ్చునన్నమాట.

మధ్యాహ్నానికి మొదలైంది. వాంతులు, విరేచనాలు. నేనే బేసిన్ పట్టుకున్నాను. సెలైన్ ఎక్కుతోంది. అన్నయ్యగారు వరండాలో కూర్చుని లోపలికి రావడానికి జంకుతున్నారు. ఆయన తప్పు ఆయనకి కనబడుతోంది, నా తప్పు నాకు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సాయంత్రం కాస్త తెరిపి ఇచ్చినప్పుడు వదినగారు కళ్ళు తెరిచింది.

"వదినగారూ."

"చెప్పండి."

"మిగతా ఇరవై అయినా నిజమేనా?"

నేను ఆలోచించాను. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేదు. "దేవదారు మీద అనుమానమేనండీ," అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వితే మళ్ళీ వాంతి వచ్చింది. నర్సమ్మాయి వచ్చి నన్ను బయటికి పంపేసింది.

మూడోరోజు పొద్దున్న పెద్ద డాక్టరు రిపోర్టులు చూసి, పొట్ట నొక్కి, నాలుక చూసి, ఇంటికి వెళ్ళొచ్చన్నాడు. అన్నయ్యగారు వరండాలో గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను మాత్రం అక్కడే బాహాటంగా ఏడ్చేశాను.

ఇంటికి వచ్చాక మిగతా నాలుగిళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను. నేను చెప్పింది తప్పండీ, నాకు తెలియక చెప్పానండీ అని. మొదటి తలుపు దగ్గర నోరు పెగలలేదు. మూడో తలుపుకి తేలికైపోయింది. ఒకమ్మాయి మాత్రం, "ఆంటీ, మరి గండకీ ఏమిటి?" అంది మళ్ళీ. "తెలియదమ్మా," అన్నాను. బాగానే ఉందే ఈ మాట, ఇన్నాళ్ళు ఎందుకు భయపడ్డానా అనుకున్నాను.

అన్నయ్యగారికి మాత్రం కోపం ఎటు పోవాలో తెలియలేదు. ఒకరోజు మెట్ల దగ్గర ఆకుకూరలావిడని పట్టుకుని, "ఆ మొక్కని వేళ్ళతో సహా తవ్వించి పారేయిస్తాను. చెరువు దగ్గర అలాంటిది ఉండకూడదు," అన్నారు.

"గదేం జేసిందయ్యా?" అంది ఆమె తోటకూర కట్టలు విప్పుతూ. "దాని జాగల అది ఉన్నది. మీ ఇంటికొచ్చి నన్ను మరగబెట్టుమన్నదా? మా తాతలప్పటి సంది గాడనే ఉన్నది, మా ఊర్ల ఒక్కని గూడ ఏమనలే."

అన్నయ్యగారు ఒక కట్ట తోటకూర కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఆ చలికాలంలో వదినగారి దగ్గు దానంతటదే తగ్గింది. మళ్ళీ వానలు పడ్డాక ఒక సాయంత్రం ఆవిడే నా తలుపు కొట్టింది, గొడుగు పట్టుకుని.

"వదినగారూ, నన్ను అక్కడికి తీసుకెళ్ళండి. నేను దాన్ని తాగానే కానీ చూడలేదు."

నేను వద్దన్నాను. ఆవిడ వినలేదు. ఆకుకూరలావిడ ముందు, మేమిద్దరం వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని ఊటలో దిగాం. తుంగ పక్కన అదే ముళ్ళపొద మీద మూడు పూలు ఉన్నాయి. వదినగారు రెండడుగుల దూరంలో ఆగింది. గొడుగు మీద చినుకులు టపటపమంటున్నాయి. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను, ఏమంటుందోనని.

"ఇంత అందంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేమండీ!" అంది చివరికి. తర్వాత ఆకుకూరలావిడ వైపు తిరిగింది. "ఎన్నాళ్ళు ఉంటాయమ్మా ఈ పూలు?"

"ఆరేడు దినాలమ్మా. మొదాల పసుపుంటది, ఎనక మొత్తం ఎర్రగైతది. అటెనక వాడిపోతది. తీగ గూడ ఎండిపోతది, గడ్డ లోపల పండుకుంటది. మల్ల వానకే లేస్తది."

"అయితే రేపు కూడా వద్దాం వదినగారూ," అంది ఆవిడ. "ఎర్రబడేదాకా చూడాలి."

తిరిగి వచ్చేటప్పుడు గట్టు ఎక్కుతుంటే కాలు జారుతోందని నా భుజం పట్టుకుంది. గట్టు ఎక్కాక కూడా ఆ చెయ్యి తీయలేదు. ఆ వారమంతా రోజూ వెళ్ళాం. ఆఖరి రోజుకి మూడూ ఎర్రబడ్డాయి.